తాటికాయలో మూడో ముంజ

ఒకప్పుడు తాటిచెట్ల ఒళ్ళు అరటిబోదెకన్నా నున్నగా ఉండేది. వేళ్ళు తోడుకున్న తియ్యటి నీళ్ళన్నీ అవి తోలు కిందే దాచుకునేవి. ఎంత ఎండ కాసినా కమిలేవి కావు. కాయలు కాసే బాధ వాటికి లేనే లేదు. గాలి వాటి ఒంటిమీద జారుడుబండ ఆడుకునేది.

సముద్రం పక్కన, ఉప్పుమడుల గట్టుమీద అలాంటివి రెండుండేవి. ఒకటి ఆడచెట్టు. ఇంకోటి మగది, పోతుతాడు.

ఆ మడుల్లో పోలమ్మ ఉప్పు లాగేది. ఒక వేసవిలో ఆమె పసిపిల్ల ఒళ్ళంతా చెమటకాయలు పేలాయి. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. తల్లి ఒంటికున్న ఉప్పు తగిలి మంటెత్తి, పాలు కూడా ముట్టడం లేదు.

పోలమ్మ కంగారులో చేతికందిన మడినీళ్ళతోనే పిల్లను కడిగింది. మంట రెండింతలైంది. బావిని అడిగితే నావీ ఉప్పునీళ్ళే అంది. సముద్రమైతే సిగ్గుపడి వెనక్కి తగ్గింది.

ఏం తోచక పోలమ్మ ఆడచెట్టుకు నుదురు ఆనించింది. చల్లగా తగిలింది. ఆ తీరంలో అక్కను అప్ప అంటారు.

"అప్పా, నీ ఒంట్లో నీళ్ళున్నాయి. నా పిల్లకు కాసినియ్యి" అంది.

ముందు పోతుతాడు గొంతు సవరించుకుంది. ఎండాకాలం ఇంకా చాలా ఉందనీ, నీళ్ళు పోతే ఒళ్ళు పాడవుతుందనీ, ఇలాంటివి తొందరపడి తేల్చేవి కావనీ చెప్పి, ఆలోచించడం మొదలుపెట్టింది.

ఆడచెట్టుకూ తన నున్నటి ఒళ్ళంటే ఇష్టమే. అందులో తప్పేముంది? కానీ కింద పిల్ల ఏడుపు సన్నబడుతోంది. ఏడ్చే ఓపిక కూడా అయిపోతోంది.

నీళ్ళు కారిస్తే నేలకు దిగేలోపే తాగేస్తానని సూర్యుడు ముందే చెప్పాడు. పాపం, ఆయన దాహం ఆయన చేతిలో లేదు.

అందుకని ఆడచెట్టు తన తోలు కిందున్న నీళ్ళన్నీ తలమీదికి లాగింది. అక్కడ మూడు తెల్లటి చిట్టిగిన్నెలు చేసి, నీళ్ళు నింపి, పల్చటి పొర చుట్టి, పైన నల్లటి గట్టి డొప్ప కప్పింది. నీళ్ళు పైకెక్కినకొద్దీ కింద ఒళ్ళు ఎండింది, నల్లబడింది, బరకెక్కింది. చెట్టు ఒకసారి తనను తాను చూసుకుని కాయను వదిలేసింది.

పోలమ్మ పార అంచుతో కాయ చెక్కింది. బొటనవేలు గుచ్చగానే చల్లటి నీళ్ళు చిమ్మాయి. పిల్ల ఒంటికి రాసింది. ముంజమీది పొర తీసి చెమటకాయలమీద మెల్లగా రుద్దింది.

గాలికి నోరు ఊరుకోదు కదా. ఇది రాస్తే పిల్ల తెల్లబడుతుందా అని అడిగింది.

"చల్లబడుతుంది. తెల్లబడి ఎవరిని ఉద్ధరించాలట?" అంది చెట్టు.

పిల్ల ఒళ్ళు విరుచుకుని, తల్లి ఒడిలో పాలు వెతుక్కుంది. పోలమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మిగిలిన ముంజలు పిల్లకోసం కొంగున కట్టబోతే చెట్టు ఆపింది.

"రెండోది నీకు. నీ వీపు ఎలా పేలిందో చూసుకున్నావా?"

"నాదేముందిలే అప్పా."

"ఆ మాట ఇంకోసారన్నావంటే ఈసారి కాయ నీ నెత్తినే వేస్తాను."

పోలమ్మ నవ్వింది. రెండో ముంజ చిదిమి వీపుకు రాసుకుంది. ఆ చల్లదనానికి కళ్ళు మూసుకుంది. మూడోది ఎవరికని అడిగింది.

"పక్కమడిలో ఎవరో ఒకామె నీలాగే నాదేముందిలే అంటూ ఉంటుంది. వెళ్ళి ఇవ్వు."

ఆడచెట్టు నీళ్ళు దక్కని సూర్యుడు, ఆ సాయంత్రానికి పోతుతాడు దాచుకున్న నీళ్ళన్నీ తోలులోంచే తాగేశాడు. దాని ఒళ్ళూ నల్లబడింది. నీళ్ళు పోయాయి, గిన్నెలూ లేవు.

అప్పటినుంచే తాటిచెట్ల ఒళ్ళు నల్లగా, గరుగ్గా ఉంటుంది. అప్పటినుంచే ఎండలు ముదిరేసరికి ఆడచెట్టు మూడేసి ముంజలతో కాయలు దించుతుంది. పోతుతాడు మాత్రం ఒక్క కాయా కాయదు. ఇంకా ఆలోచిస్తూనే ఉంది.