సూరమ్మ దాచిన నాలుగు మాత్రలు

జీడితోటలో ఉడుత సూరమ్మ పొదుపుకి పెట్టింది పేరు. గింజ దొరికితే సగం తిని సగం దాచేది. ఆ అలవాటే కొంప ముంచింది, వినండి.

వేసవిలో ఆవిడకి మూత్రంలో మంట పట్టుకుంది. కొండముచ్చు వైద్యుడు ఏడు మాత్రలు ఆకులో పొట్లం కట్టి, "రోజుకొకటి. ఏడూ మింగాలి సుమా!" అన్నాడు.

మూడోరోజుకే మంట తగ్గింది. "తగ్గాక కూడా మింగడం దండగ. రేపెవరికైనా పనికొస్తాయి" అనుకుని సూరమ్మ నాలుగు మాత్రలూ తొర్రలో దాచేసింది. తర్వాత అప్పుడప్పుడూ కాస్త మంటగా అనిపించినా, ఎండవేడిలే అని ఊరుకుంది.

వానలు పడ్డాక కూతురు నూకాలు పురిటికి పుట్టింటికొచ్చింది. వచ్చిన వారానికే పొత్తికడుపు పట్టుకుని మూలిగింది.

"అమ్మా, ఒంటికి వెళ్తుంటే నిప్పులు పోసినట్టుందే!"

"ఓస్, అంతేనా! మందు నా దగ్గరే ఉంది. చూశావా నా ముందుచూపు!" అంటూ సూరమ్మ పొట్లం విప్పింది.

నాలుగు రోజులు, నాలుగు మాత్రలు. మంట తగ్గలేదు సరికదా, వణుకుతో జ్వరం ముంచుకొచ్చింది. "నా తల్లే, కడుపులో పిల్లలు కదుల్తున్నారా?" అని సూరమ్మ మాటిమాటికీ అడిగింది. చివరికి పరుగున వెళ్ళి కొండముచ్చుని తీసుకొచ్చింది.

"ఇంతవరకూ ఏం మందేశావు?"

"మీరిచ్చిందే బాబూ. నేను మూడు మింగి, మిగిలినవి..."

కొండముచ్చు తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశావే! నిప్పూ, పగా, రోగం కొసరు మిగల్చకూడదని పెద్దలు ఊరికే అన్నారా? మూడు రోజుల్లో బలహీనమైన క్రిములు చచ్చాయి. మొండివి నీ ఒంట్లోనే నక్కి పెరిగాయి. వాటికిప్పుడు ఆ మందంటే లెక్కలేదు. ఒకే తొర్రలో ఉన్నారు, నీ నుంచే దానికి అంటుకున్నాయి."

"అయ్యో, నా చేత్తో నేనే..." అంటూ సూరమ్మ కూతురి పక్కన కూలబడింది.

"ఇంకొక్క మందుంది. దానికీ లొంగకపోతే నేను చేయగలిగింది లేదు" అంటూ ఏడు మాత్రలిచ్చాడు.

రెండు రోజులు సూరమ్మకి కంటి మీద కునుకు లేదు. మూడోరోజు జ్వరం దిగింది.

"తగ్గిపోయిందమ్మా. ఈ చేదు నావల్ల కాదు, మిగిలినవి దాచెయ్యి" అంది నూకాలు.

సూరమ్మ గబగబా మాత్ర చేతిలోకి తీసుకుంది. "నోరు తెరవ్వే! నీకు దణ్ణం పెడతా, తెరువు!"

ఏడో మాత్ర గొంతు దిగేదాకా రోజూ ఎదురుగా కూర్చుంది. అయినా భయం పోలేదు. ముగ్గురు పిల్లలు పుట్టాక కూడా, నూకాలు ఒంటికి వెళ్ళొస్తే చాలు, "మంటుందా?" అని అడుగుతూనే ఉంది.

గింజ మిగిలితే ఇంటికి లాభం, మందు మిగిలితే రోగానికి లాభం.