గాజుపటం మీద పేరు

చెంగల్రాజుకి వచ్చిన కష్టం బొమ్మలతో కాదు, మామగారితో.

తంజావూరు కోట పక్క వీధిలో, కుప్పరాజుగారి దగ్గర అతను గాజుపటాలు వేయడం నేర్చుకుంటున్నాడు. అల్లుడి పని చూద్దామని మామ ఓబులరాజు ఊరినుంచి వచ్చాడు. కోటలో పటాలన్నీ చూసి, అరుగు మీద కూర్చుని, నలుగురూ వినేట్టు అన్నాడు.

"గాజు రాణివారిది. రూపం దేవుడిది. పనితనం మీ అయ్యవారిది. ఇందులో నీదేముందయ్యా?"

ఓబులరాజు తన జన్మలో మొదలుపెట్టి ముగించిన పని ఒక్కటీ లేదని అందరికీ తెలుసు. సలహాలివ్వడానికి అది ఆయనకెప్పుడూ అడ్డం రాలేదు.

అంతలో కోట నుంచి కబురొచ్చింది. గోకులాష్టమి నాటికి రాణివారి పూజగదికి వెన్నకృష్ణుడి పటం కావాలి. కుప్పరాజుగారు ఆ పని చెంగల్రాజుకి అప్పగించారు. అతను సొంతంగా వేయబోయే మొదటి పటం అదే.

"అయ్యవారూ, పటం మీద నా పేరు రాసుకోనా?" అని అడిగాడు చెంగల్రాజు.

ఆ వీధిలో ఎవరూ పటం మీద పేరు రాసి ఎరగరు. కుప్పరాజుగారు కూడా రాయలేదు. ఇప్పుడు వీడి చెంప పగులుతుందని తోటి శిష్యులు ఎంతో ఆశగా చూశారు.

"రాసుకో నాయనా," అన్నారాయన. శుభ్రంగా తుడిచిన గాజుపలక తెచ్చి అతని ఒళ్ళో పెట్టారు. "ఊఁ, రాయి."

"ఇప్పుడేనా?"

"మరెప్పుడు?"

ఆ మాటా నిజమే. గాజుపటం వెనకవైపు నుంచి వేస్తారు, ముందువైపు నుంచి చూస్తారు. గోడమీది బొమ్మకి ఆఖర్న చేసే పని ఇక్కడ మొదట చేయాలి. కంటిపాపలు, నగలు ముందు. వాటి మీద ఒంటి రంగు. ఆపైన ఆకాశం. పేరు కనబడాలంటే అన్నిటికంటే ముందు పడాలి, అదీ కుడి ఎడమలు తిరగేసి. ఎదురింటి సుబ్బరాజు ఒకసారి తిరగేయడం మరిచిపోయి సరస్వతీదేవి చేత ఎడమచేత్తో వీణ మీటించాడు. కోటలో ఒక పెద్దమనిషి అది కొత్త బాణీ అని మెచ్చుకున్నాడు కూడా.

చెంగల్రాజు అలాంటి పొరపాటు చేయలేదు. కాటుక రంగుతో, తిరగేసిన అక్షరాలతో, కింది మూలన రాశాడు. పలక తిప్పి చూస్తే పేరు పెళ్ళికొడుకులా కూర్చుంది. వెంటనే మామగారికి కబురు పంపాడు: అష్టమికి రండి, కోటలో నా పేరు చూద్దురుగాని.

ఆ తర్వాత కృష్ణుడి కన్ను గీయబోయాడు. చూపు పేరు మీద పడింది. గీత వంకర పోయింది.

గీసింది తుడిచాడు. మళ్ళీ గీశాడు. చెంగల్రాజు అంతటివాడు వేసిన కన్ను ఇలాగేనా ఉండేది అనిపించింది. మళ్ళీ తుడిచాడు. అష్టమి దగ్గరపడింది. గాజు మీద పేరు తప్ప ఇంకేమీ లేదు. తోటి శిష్యులు వస్తూ పోతూ ఆ పేరుకే దణ్ణం పెట్టుకోసాగారు.

ఒకరోజు మధ్యాహ్నం కుప్పరాజుగారు వచ్చి పక్కన కూర్చున్నారు. తిడతారనుకున్నాడు చెంగల్రాజు. ఆయన పలక తీసుకుని, కుంచె ముంచి, శిష్యుడి పేరు కింద తన పేరు రాశారు.

"అయ్యవారూ! ఇదేమిటి?"

"ఒక్కడివే మోస్తున్నావు కదరా. చెరో కొస పట్టుకుందాం," అని ఆయన భోజనానికి లేచి వెళ్ళిపోయారు.

చెంగల్రాజుకి ముచ్చెమటలు పోశాయి. ఈ కృష్ణుడికి మెల్లకన్ను వస్తే, రాణివారు చదివేది ఎవరి పేరు?

తడిగుడ్డ అందుకున్నాడు. ముందు అయ్యవారి పేరు తుడిచాడు, నిద్రపోయే పిల్లవాడి మూతి తుడిచినంత మెల్లగా. ఆ గుడ్డతోనే, ఆగకుండా, తన పేరూ తుడిచేశాడు. గాజులోంచి అవతలి కిటికీ కనబడింది.

కుంచె పట్టాడు. సాయంత్రానికి ఆ గాజులో రెండు కళ్ళు తెరుచుకున్నాయి. వెన్న తిని, ఇంకా ఒప్పుకోని కళ్ళు.

కుప్పరాజుగారు వచ్చి చూశారు. "ఒంటికి నీలం పలచగా కలుపు," అన్నారంతే.

అష్టమినాడు ఓబులరాజు కొత్త ఉత్తరీయం వేసుకుని కోటకొచ్చాడు. పటం ముందు నిలబడి నాలుగు మూలలూ వెతికాడు.

"ఏదయ్యా పేరు?"

"రాశాను మామా. తుడిచేశాను."

"అదేం బుద్ధి!"

"అది ఉన్నంతసేపూ పని సాగలేదు మామా."

ఓబులరాజు ఇంకా ఏదో అనబోతూ పటం వైపు తిరిగాడు. కృష్ణుడు ఆయన్నే చూస్తున్నాడు. వెన్న ఎవరు తిన్నారో నీకెందుకు అన్నట్టు చూస్తున్నాడు. ఓబులరాజు నోరు మూసుకుని చేతులు జోడించాడు. ఆయన నోరు మూసుకున్నాడంటే ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

గురుశిష్యులు ఇంటిదారి పట్టారు. కొంతదూరం పోయాక కుప్పరాజుగారు అడిగారు.

"నీ పేరు నీ ఇష్టం. నాదెందుకు తుడిచావురా?"

చెంగల్రాజు తలవంచుకున్నాడు. "భయమేసింది అయ్యవారూ."

ఆయన శిష్యుడి భుజం మీద చెయ్యి వేశారు.

"నాకూ వేసిందిరా," అన్నారు. "ఆ పూట అన్నం సహించలేదు."