పైడి చదివిన తాటాకు

అనగనగా అనకపోతే కథ కాలు కదపదు కనుక, అనగనగా వాగులవలస అనే ఊరు. ఆ ఊళ్ళో ఒక బడి. బడికి పూరికప్పు ఒకటి, పంతులుగారు ఒకరు, తాటాకుల పుస్తకం ఒకటి.

ఆ పుస్తకంలో ఉన్నదీ ఒక్క నక్క కథే. పిల్లలు దాన్ని ఏళ్ళ తరబడి వల్లెవేసి, ఆకు మీద వేలు పరిగెత్తిస్తూ గడగడా అప్పజెప్పేవారు. ఒకనాడు ఒక పిల్లవాడు ఆకును తలకిందులుగా పట్టుకున్నా కథ ఎక్కడా ఆగలేదు. సోమనాథం పంతులుగారు మంచివారే గాని, గడగడా వినబడితే చాలు, అదే చదువనుకుని మురిసిపోయేవారు. మురిసే ముందు ఆ ఆకు వంక ఒకసారి చూస్తే ఆయన సొమ్మేం పోయేదో నాకు తెలియదు.

మేకలు కాసే గంగులు కూతురు పైడి బడికి ఆలస్యంగా చేరింది. పొద్దున మేకలను తోలి, మధ్యాహ్నానికి వచ్చేది. అందరూ కలిసి వల్లెవేసే వేళకు ఆ పిల్ల ఉండేది కాదు. చెవితో పట్టే దారి లేదు కనుక కంటితో పట్టుకుంది. ఒక్కో అక్షరం పోల్చుకుని, ఇసుకలో దిద్ది, కూడబలుక్కుని చదివేది. మేకలు తొక్కి చెరిపితే మళ్ళీ రాసేది. పిల్లలు నత్త, నత్త అని ఏడిపించారు. పైడికి ఏడుపు వచ్చింది కూడా. ఏడుస్తూనే ఇంకో అక్షరం దిద్దింది.

ఇలా ఉండగా రాజుగారికి గుర్రాలు పెరిగాయి. గడ్డి దాచడానికి చోటు చాలలేదు. మేకలు కాసుకునేవాళ్ళకు బడెందుకు, ఆ ఇల్లు గడ్డికి బాగుంటుందన్నాడు మంత్రి. రాజు తొందరపడే మనిషి కాడు. దసరా నాడు తానే వస్తాననీ, చదవడం, రాయడం, కథ చెప్పడం పిల్లలకు వస్తే బడి ఉంటుందనీ, రాకపోతే గడ్డి బళ్ళు వస్తాయనీ చాటింపు వేయించాడు.

ఆ మాట పైడి చెవిన పడింది. బడి పోతే తనకు మిగిలేది మేకలే. ఒత్తులు ఇంకా సగమే వచ్చాయి. తనూ చదువుతానని పంతులుగారిని మూడుసార్లు అడిగింది. నీ నత్తనడకతో ఊరి పరువు పోతుందమ్మా అని ఆయన మూడుసార్లూ వద్దన్నారు.

దసరా వచ్చింది. మామిడాకుల తోరణాల కింద రాజు అరుగు మీద కూర్చున్నాడు. పంతులుగారు పుస్తకం అందించబోతే వద్దని, నడుముపట్టీలోంచి ఒక చిన్న తాటాకు తీశాడు. తానే రాశాననీ, దీన్ని చదవమనీ అన్నాడు.

మొదట కరణంగారబ్బాయి వచ్చాడు. ఆకు మీద వేలు పెట్టి నక్క కథ అందుకున్నాడు. తరవాత శెట్టిగారమ్మాయి వచ్చింది. అదే నక్క, ఇంకాస్త జోరుగా. మూడోవాడు పంతులుగారి మేనల్లుడు. వాడు ఊపిరి కూడా తీసుకోకుండా నక్కను అడవి దాటించేశాడు. పంతులుగారి ముఖం పాలిపోయింది.

రాజు లేచాడు. గడ్డి బళ్ళు తోలమని మంత్రి కేకేశాడు.

అప్పుడు వెనక వరసలోంచి పైడి ముందుకొచ్చింది.

"అయ్యా, నాకు చదవడం వచ్చండి. కాకపోతే నెమ్మది."

ప్రభువులకు అంత తీరిక లేదన్నాడు మంత్రి.

"ఎంత నెమ్మది?" అని అడిగాడు రాజు.

"తప్పు రానంత నెమ్మదండి."

రాజు మళ్ళీ కూర్చున్నాడు.

పైడి ఆకు పట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. ఒక ఒత్తు దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదలుపెట్టింది. జనం కిసుక్కుమన్నారు. చివరికి ఆకును రాజుగారి పక్కన పెట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా బయటికి నడిచిపోయింది. పారిపోయిందని మంత్రి నవ్వాడు. ఊరంతా నవ్వింది. పంతులుగారు కళ్ళు మూసుకున్నారు.

కాసేపటికి పైడి తిరిగొచ్చింది. పక్కింటి నూతిలో తోడిన చెంబుడు నీళ్ళు రెండు చేతులా పట్టుకుని రాజుగారికి అందించింది.

రాజు గటగటా తాగి, ఆకు పంతులుగారి చేతికిచ్చి పైకి చదవమన్నాడు. దాని మీద ఇలా ఉంది: "ఇది చదివినవారు ఏమీ మాట్లాడకుండా నాకు చెంబుడు నీళ్ళు తెచ్చి ఇవ్వండి."

"ముగ్గురు నాకు నక్క కథ వినిపించారు. ఒక్క పిల్ల నా దాహం తీర్చింది" అన్నాడు రాజు. "ఇక రాసి చూపించు, కథ కూడా చెప్పు."

నక్క కథ తనకు పూర్తిగా రాదనీ, ఇవాళ చూసింది చెబుతాననీ అంది పైడి. ఇసుకలో వేలితో రాస్తూ, దాహంతో ఒక ఊరొచ్చిన రాజు కథ మొదలుపెట్టింది. గడ్డి కోసం బడిని అడిగిన మంత్రి దగ్గరికి వచ్చేసరికి జనం మళ్ళీ నవ్వారు. ఈసారి నవ్వనిది మంత్రి ఒక్కడే.

గడ్డి బళ్ళు వెనక్కి మళ్ళాయి. తప్పు నాదేనమ్మా అని పంతులుగారు అందరి ముందూ పైడితో అన్నారు. ఆ కథను తాటాకు మీద రాయించి పుస్తకంలో కలిపారు. మరుసటి దసరా నుంచి బడిలో ప్రతి పిల్లా తన సొంత కథ తనే రాసి, చదివి వినిపించాలని కట్టడి చేశారు. అలా ఏడాదికేడాది పుస్తకం లావెక్కింది.

తెలియనిది గడగడా అప్పజెప్పడం కన్నా, తెలుసుకుంటూ తడబడి చదవడమే అసలైన చదువు.