అత్తరంతా ఎవరికి?

ఖర నామ సంవత్సరం, శ్రావణ బహుళ తదియ, బుధవారం. తెల్లవారినప్పటి నుంచీ ముసురు. ఆ ముసురుకే కోట గోడ ఒకపక్క కూలింది గానీ, అది వేరే కథ.

అత్తరు దుకాణం సింగన్నకు పెద్దకర్మ జరిగిన మర్నాడే ఆయన కోడలు నూకాలు రాజుగారి ముందు నిలబడాల్సి వచ్చింది. మొగుడు ఎప్పుడో పోయాడు. మంచాన పడ్డ మామకు ఇన్నాళ్లూ చాకిరీ చేసి చేసి ఒళ్లు హూనమైంది. దుకాణం పోతే తలదాచుకునే చోటు లేదు.

"ప్రభూ, కన్నుమూసే ముందు సింగన్న 'అత్తరంతా దివానుగారికే' అన్నాడు," అన్నాడు దివాను వల్లభరాయలు. "అక్షరం పొల్లుపోకుండా విన్నాను. నోటి దగ్గర చెవి పెడితే లవంగనూనె గుప్పుమంది కూడాను."

"ఆ వాసన నిజమే ప్రభూ," అంది నూకాలు నీరసంగా. "నాలుక మీది పుండుకు రోజంతా అదే రాశాను." కొంగుముడిలోంచి బుడ్డి తీసింది. "దివానుగారూ, మీరూ రాసుకుని ఆ మాటే అనండి బాబూ. సరిగ్గా అంటే మూట సర్దుకుంటాను."

ఇదెంత అన్నట్టు దివాను నాలుక చాపి దండిగా రాయించుకున్నాడు. కాసేపటికి నోరు తెరిచాడు.

"అత్తలంతా దివానుగాలికే!"

సభ గొల్లుమంది. రాజుగారు మాత్రం నిట్టూర్చారు.

"మా అత్తగారితోనే మొదలుపెట్టవయ్యా. సింగన్న నాలుక పలకలేనిది నీకెలా వినబడింది?"



దుకాణం, బట్టీ, లవంగాల బస్తాలు నూకాలుకు వచ్చాయి. సింగన్న కిర్రుచెప్పులు పక్కింటి మంగలికి పోయాయి. దివానుకు ఏమీ రాలేదు. ఆ పూట భోజనంలో రుచి కూడా తెలియలేదు.