నక్క ఎరువు తీసుకున్న రంపం

రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ విశ్వకర్మ స్వామికి ఓ దణ్ణం పెట్టుకుని మరీ వినండి. ఇది పనిముట్ల కథ మరి!

ఊరి చివరి తోటలో పనస మాను మీద వడ్రంగిపిట్ట బ్రహ్మయ్య పనిముట్ల కొట్టు. మాను కింద ఇనుప చువ్వల గూట్లో కోడి పుల్లమ్మ, పిల్లలతో కాపురం. ఓ మధ్యాహ్నం తోట యజమానులు పొలానికెళ్లారు. కాపలా కుక్క భైరవుడు గడ్డివాము చాటున కునుకు తీస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు నక్క సింగన్న.

"బావా, ఒక రంపం ఎరువిస్తావా?"

"ఏం కోస్తావు?" ఎవరొచ్చినా బ్రహ్మయ్య ముందు అడిగే మాట అదే. అది వాళ్ల తాతలనాటి ఆనవాయితీ.

నక్క చూపు ఒక్కసారి గూటిదాకా వెళ్లొచ్చింది. "పచ్చి తుమ్మ మొద్దు, బావా. పొయ్యిలోకి."

బ్రహ్మయ్యకి సంగతి అర్థమైపోయింది. నక్క ఇంట పొయ్యి ఎప్పుడు వెలిగింది గనక! కింద పుల్లమ్మ పిల్లల్ని రెక్కల్లో దాచుకుంటోంది. కాదని పంపితే ఈ దొంగ ఇంకో దారి వెతుక్కుంటాడు. బ్రహ్మయ్య నిదానంగా పెద్ద పళ్ల రంపం కిందికి దించాడు.

"పచ్చి కర్రకి ఇదే. పళ్లు ఎడంగా ఉంటే తడి పొట్టు ఇరుక్కోదు."

"మరి పైన వేలాడే ఆ సన్న పళ్ల బ్లేడో?"

"అది ఇనుముకి. అయినా నీకు ఇనుముతో ఏం పని?"

దొంగకు తేలు కుట్టినట్టయింది. "నాకా? రామ రామ! ఊరికే అడిగా." పైగా లోలోపల ధీమా: 'చీమ పళ్లతో ఏం తెగుతుంది? పళ్ల సంగతి మా జాతికి ఒకరు చెప్పాలా!'

గూటి దగ్గరికి పోయి రంపాన్ని చువ్వకి ఆనించి లాగాడు. కిర్ర్‌ర్! చువ్వ రెండు పళ్ల నడుమ ఇరుక్కుంది. బలమంతా పెట్టి గుంజాడు. ఠంగు ఠంగుమని పళ్లు విరిగి ఎగిరాయి. చువ్వ మీద మాత్రం చిన్న గీత!

ఆ మోతకి భైరవుడు లేచాడు. "ఎవడ్రా అది?"

"నేనే అల్లుడూ, కట్టెలు కొట్టుకుంటున్నా..."

"కోళ్ల గూట్లో కట్టెలేంట్రా!"

భైరవుడి నోట్లో సగం తోక వదిలి నక్క కంచె దూకాడు. "మోసం చేశావు బావా!" అని అంత దూరం నుంచి అరుపు.

"తుమ్మ మొద్దన్నావు, తుమ్మ మొద్దుకి తగ్గదే ఇచ్చానయ్యా!" అన్నాడు బ్రహ్మయ్య కొమ్మ మీంచి.

పుల్లమ్మ కళ్లు తుడుచుకుంది. "నీ రంపం పాడైపోయిందే, నాయనా!"

"ఆకురాయితో అరగదీసి కొత్త పళ్లు తీసుకుంటాలే అత్తా. ముందు పిల్లల్ని రెక్కల్లోంచి బయటికి రానీ, ఊపిరాడక చస్తాయి."

చేసే పని దాచేవాడికి తగిన పనిముట్టు ఆ దేవుడు కూడా ఇవ్వలేడు.