అద్దాల పెట్టెలో ఆదివారం ఫొటో

పంపాపతికి ఒకటే దిగులు. వరసగా నాలుగు ఆదివారాలు అతని ఫొటోనే బాగుందని అందరం చేతులెత్తాం. చాంద్‌బాషా ఉస్తాద్ మాత్రం మంచో చెడో ఒక్క మాట అనలేదు.

ఆదోనిలో బస్టాండు వెనక సందులో ఉస్తాద్ స్టూడియో. డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజులవి. మేం ఆరుగురం. ఉద్యోగాలు వేరు, పిచ్చి ఒకటే. నాది పోస్టాఫీసు. పంపాపతి జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. ఆ వారం తీసినవాటిలో నచ్చిన ఒక్క ఫొటో ప్రింటు వేయించి ప్రతి ఆదివారం పొద్దున ఉస్తాద్ ముందు పెట్టాలి. మిగతావన్నీ చెరిపేసి రావాలి. అది ఆయన పెట్టిన షరతు.

"అన్నీ దాచుకునేవాడికి ఎంచుకోవడం రాదు" అనేవారు.

చెరపడానికి ప్రాణం ఒప్పేది కాదు. చెరిపాక మాత్రం ఏదో సన్యాసం పుచ్చుకున్నట్టు గొప్పగా ఉండేది. ఎక్కువ చేతులు లేచిన ఫొటో వారం రోజులు స్టూడియో ముందు అద్దాల పెట్టెలో ఉండేది. ఆ వారమంతా ఆ ఫొటో తీసినవాడు పని ఉన్నా లేకపోయినా ఆ సందులోనే తిరిగేవాడు. అందరం తిరిగినవాళ్ళమే.

ఐదో ఆదివారం పంపాపతి తెచ్చిన ఫొటో చుట్టూ అందరం మూగాం. పెద్దాసుపత్రి మెట్ల మీద ఒక పల్లెటూరి ఆడమనిషి. ఎండ ఒక చెంప మీదే పడింది. కళ్ళు ఎటో చూస్తున్నాయి. ఆ చూపులో ఉన్న దుఃఖం మా అందరికీ తెగ నచ్చింది. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

"ఫ్రేములో అనవసరమైనది ఒక్కటి కూడా లేదు, చూడండి" అన్నాడు పంపాపతి.

ఐదు చేతులూ లేచాయి. అందరికంటే ముందు లేచింది నాదే.

పంపాపతి ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "ఉస్తాద్, నా ఫొటోలో లోపం ఏముందో చెప్పండి. లేదంటే బాగుందనైనా చెప్పండి."

ఆయన ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "ఈమె ఎవరు బేటా?"

"తెలీదు ఉస్తాద్. అడగలేదు."

ఉస్తాద్ లేచి వెళ్ళి ఫొటోను అద్దాల పెట్టెలో పెట్టి వచ్చారు. పంపాపతి మొహం మాడిపోయింది.

తర్వాతి ఆదివారం మేమింకా కూర్చోనే లేదు, గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. ఫొటోలోని మనిషే. అద్దాల పెట్టె వైపు చూపించి, "అది నేనేనన్నా" అంది.

ఉస్తాద్ లేచి కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు. పేరు అడిగితే ఉలిగమ్మ అని చెప్పింది.

"మా ఊరాయన పత్తి ఏసుకోని మార్కెట్టుకొచ్చి సూసినాడంట. నీ పొటో అద్దంలో పెట్టినారు మే అని జెప్పినాడు. ఆ పొద్దు నా బుజాన నా బిడ్డుండె. తొమ్మిది నెలల పిల్ల. మంగళారం పాయ." మళ్ళీ అద్దాల పెట్టె వైపు చూసింది. "దానిది పొటో ఒగటీ లేదన్నా. నా పక్కన అది గూడా పడింటాది గదా. ఆ పొటో ఇయ్యండి."

మేమందరం పంపాపతి వైపు తిరిగాం. ఆమె కూడా అతన్ని గుర్తుపట్టింది.

"ఈయన్నే. ఎదురుగా కూకోని తీస్తాంటే, బిడ్డనే తీస్తాండాడనుకొని గౌను సరిజేసినా. దాని మొగం గూడా ఇట్లా తిప్పినా."

పంపాపతి స్కూటరేసుకుని ఇంటికి పోయాడు. ఎందుకు పోయాడో మాకు తెలుసు. కంప్యూటర్‌లో ఎక్కడైనా మిగిలిందేమో చూద్దామని. అరగంటకు తిరిగొచ్చాడు. చేతిలో ఏమీ లేదు.

గుమ్మం దగ్గరే మాతో గొణిగాడు. "గులాబీ రంగు గౌను. ఆ రంగు కళ్ళను లాగేస్తోందని ఆ పక్కంతా కోసేశాను. కోసిన ఫొటో ఒక్కటే దాచి, అసలుతో సహా అన్నీ చెరిపేశాను."

ఆమెకు చెప్పే ధైర్యం మాలో ఒక్కడికీ లేదు. ఉస్తాదే చెప్పారు.

"లేదమ్మా. చెరిపేశాడు. చెరిపెయ్యమని చెప్పింది నేను."

ఆమెకు అర్థం కాలేదు. "చెరిపేసేదేంది సామీ? తీసిండే పొటో యాడికి పోతాది?"

ఉస్తాద్ వెళ్ళి అద్దాల పెట్టె తాళం తీసి, ఆ ఫొటో తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఆమె తన మొహం చూసుకోనే లేదు. అంచుల వెంబడే వెతుక్కుంటూ పోయింది. భుజం దగ్గర, చీర మడతలో వేలు ఆగింది.

"ఇదో. ఇదో నా బిడ్డ చెయ్యి."

అందరం వంగి చూశాం. నాలుగు చిన్న వేళ్ళు చీరను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. వారం రోజులు అద్దాల పెట్టెలో ఉన్న ఫొటో. పోతూ వస్తూ ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చీర మడతే అనుకున్నాను.

"మొత్తం నువ్వే తీసుకోమ్మా" అన్నాడు పంపాపతి.

"నా మొగం నాకేం జేసుకునేకి? ఈ చెయ్యి కాడికి కోసిస్తే సాలు."

ఉస్తాద్ సొరుగులోంచి పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే కత్తెర తీశారు. ఆమెకు ఇస్తారనుకున్నాం. పంపాపతికి ఇచ్చారు.

"నావల్ల కాదు ఉస్తాద్."

"కొయ్యి బేటా. నీకు తెలిసిన పనే."

పంపాపతి కత్తెర పట్టుకున్నాడు. ఉలిగమ్మ దగ్గరికొచ్చి నిలబడింది.

"పైలమన్నా, బిడ్డ ఏళ్ళు తెగనీయొద్దు."

అగ్గిపెట్టెంత ముక్క వచ్చింది. ఉస్తాద్ దాన్ని స్టూడియో కవరులో పెట్టి రెండు చేతులతో అందించారు. ఆమె కవరును కొంగున ముడేసుకుని, ఎవరినీ ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

భుజం దగ్గర చిల్లు పడిన ఫొటోను ఉస్తాద్ తీసుకెళ్ళి మళ్ళీ అద్దాల పెట్టెలోనే పెట్టారు.

"తీసెయ్యండి ఉస్తాద్, మీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు పంపాపతి.

ఆయన పెట్టెకు తాళం వేశారు.

"ఉండనీ. ఇందులోంచి ఎవర్నో తీసేశామని ఇప్పుడు తెలుస్తోంది."