అవతలి బండ ఎక్కిన పొట్టేలు

రౌద్రి నామ సంవత్సరం, వేసవి తొలినాళ్లు. ఏరంతా ఎండిపోయి ఇసుక మిగిలింది. ఆ ఇసుకలో ఒక్కటంటే ఒక్క మడుగు. ఒడ్డున ఉండే జంతువులకైనా, గట్టు మీద ఉండే జంతువులకైనా అదే దిక్కు. పొద్దున్నే ముందు దిగినవాళ్లకు తేట నీళ్లు, తర్వాత దిగినవాళ్లకు బురద. ముందెవరు దిగాలన్న తగవులో తలలు పగలకుండా పెద్దలు ఏనాడో ఒక పోటీ పెట్టారు. దాని పేరు కాయాట.

ఇసుకలో రెండు కొసల్లో రాళ్లు వరసగా పేరుస్తారు. నడిమధ్య ఒక కొబ్బరిబొండాం పెడతారు. దాన్ని కరుచుకునో, తలతో నెట్టుకునో అవతలివాళ్ల రాళ్లు దాటిస్తే కాయ గెలిచినట్టు. అడ్డమొచ్చినవాణ్ని గుద్దొచ్చు, తొయ్యొచ్చు, మీద పడి నేలకు అదమొచ్చు. కొరకడం, కొమ్ముతో పొడవడం కూడదు. పొద్దు గూకేసరికి ఎవరివి ఎక్కువ కాయలైతే ఆ వేసవంతా తేట నీళ్లు వాళ్లవి.

ఒడ్డు జట్టుకు ఎలుగుబంటి కోచ్. ఆట జరిగేచోట పక్కన ఒక్కో జట్టుకు ఒక్కో బండ ఉంది. కోచ్ తప్ప దాని మీద ఎవరూ కూర్చోకూడదు. ఎలుగుబంటి ఒడ్డు బండ మీద కూర్చుని కునికిపాట్లు పడుతుంది. కింద నిలబడి గొంతు చించుకునేది పొట్టేలు.

ఈ పొట్టేలు వయసులో ఉండగా కాయ పట్టిందంటే ఆపే మొనగాడు లేడు. ఒక ఏడు గట్టు జట్టులోని అడవిపంది గుద్దిన గుద్దుకు కుడికొమ్ము విరిగింది, మోకాలు జారింది. ఆడే రోజులు అయిపోయాయి. అయినా ఇసుక వదిలి పోలేకపోయింది. మొదట పక్కకు దొర్లిపోయిన కాయలు ఏరి తెచ్చేది. తర్వాత కుర్ర మేకలకు గుద్దడం నేర్పింది. ఆపైన దున్నలను వరసగా నిలబెట్టి గోడలా తొయ్యడం నేర్పింది. చివరికి ఎలుగుబంటికి కుడిభుజమైంది. ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చింది, ఇక మిగిలింది బండ ఒక్కటే.

ఎత్తులన్నీ పొట్టేలువే. ప్రతి ఎత్తుకూ ఒక చెట్టు పేరు పెట్టింది. ‘తుమ్మ’ అని కేకేస్తే ఎడమ వైపు నుంచి ఉరకాలి. ‘ఈత’ అంటే నడిమి నుంచి దూసుకుపోవాలి. ‘జిల్లేడు’ అంటే కాయ ఒకడు దాచుకోవాలి, కాయ లేనివాడు కాయ ఉన్నట్టు పరిగెత్తాలి. ఒడ్డు జట్టు ఏటేటా గెలిచేది. గెలుపు దండ మాత్రం బండ మీదికే పోయేది.

ఆట ఇంకో నెల ఉందనగా నక్క వచ్చింది. గట్టు మీద పెత్తనమంతా దానిదే.

“పొట్టేలన్నా, పోయినేడు దండ ఎవరి మెడలో వేశారు?”

“నీకు తెలీదా? ఎలుగు బాబాయ్ మెడలో.”

“ఆయన ఏం చేశాడని?”

పొట్టేలు ఇంకో గడ్డిపరక కొరికింది.

“మా బండ ఖాళీగా ఉందన్నా,” అంది నక్క. “నువ్వొచ్చి కూర్చో. కిందెక్కడో కాదు, పైన.”

“పోయినేడు మీ కోచ్ ముళ్లపంది కదా?”

“ఓడిపోయింది, దించేశాం.”

“అంతకుముందు?”

“కొండముచ్చు. దాన్నీ దించేశాం.”

“దానికి ముందు?”

నక్క దగ్గింది. “అవన్నీ చేతకాని సరుకన్నా! నీ సంగతి వేరు. నీకు ఒడ్డువాళ్ల గుట్టంతా తెలుసు. ఏ దున్న ఎటు తిరుగుతుందో, ఏ మేకకు కాలు నొప్పో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?”

ఆ మాట పొట్టేలు చెవిలో తేనెలా పడింది. మర్నాడు పొద్దున్నే ఎలుగుబంటి దగ్గరికి వెళ్లి నిలబడింది.

“బాబాయ్, గట్టువాళ్లు బండ ఇస్తామంటున్నారు. వెళ్తున్నా.”

ఎలుగుబంటి ఒక కన్ను తెరిచింది. “వెళ్లు.”

“అంతేనా? ఉండమని అనవా?”

“ఎక్కాలని ఉన్నవాణ్ని కింద పట్టుకుంటే ఏం లాభం? గొంతు జాగ్రత్తరా. గట్టు మీద దుమ్మెక్కువ.”

ఇన్నేళ్ల చాకిరీకి ఇదా మాట అని పొట్టేలుకు గుండె భగ్గుమంది. దారిలో ఒడ్డు జట్టు నాయకుడు దున్న ఎదురొచ్చింది. “పోకండి గురువుగారూ, మాకెవరు దిక్కు?” అని బతిమాలింది. పొట్టేలు తల తిప్పుకుని గట్టెక్కేసింది.

గట్టు బండ మీద కూర్చున్న రోజున దానికి లోకమంతా చిన్నగా కనిపించింది. ఎదురుగా నిలబడినవాళ్లలో అడవిపంది కూడా ఉంది.

“నీ కొమ్ము విరగ్గొట్టింది నేనే అన్నా,” అంది అడవిపంది మొహమాటంగా. “మనసులో పెట్టుకోకు. ఈసారి గెలిపించావంటే జన్మంతా నీ పేరు చెప్పుకుంటా. పోయిన వేసవిలో బురద తాగి నా కూనలు ఎంత అవస్థ పడ్డాయో.”

“కొమ్ముదేముందిరా, చూస్తూ ఉండు. ఈ ఏడు నీ కూనలు నీళ్లలో ముఖం చూసుకుంటాయి!”

సాధన మొదలైంది. తుమ్మ, ఈత, జిల్లేడు. నిద్రలో లేపి అడిగినా కాళ్లు అటే ఉరికేటట్టు రుద్దింది పొట్టేలు. అడవిపందికి ఒళ్లంతా పుళ్లు. దుప్పికి డెక్కలు అరిగాయి. ఒకరోజు కుందేలు చెవులు రిక్కించి అడిగింది.

“మావా, ఈ కేకలు ఒడ్డువాళ్లకు తెలుసు కదా?”

“తెలిస్తే?”

“కొత్త పేర్లు పెట్టొచ్చు కదా అని.”

పొట్టేలుకు చిర్రెత్తింది. “నా కేకలు నేను మార్చుకోవాలా? ఈ పేర్లు పెట్టింది నేను, గెలిపించింది నేను! అక్కడ కేకేసేవాణ్నే మీరు ఇక్కడికి తెచ్చుకున్నారు కదరా. ఇక వాళ్లకు చెప్పేదెవడు?”

“అదీ నిజమే,” అంది నక్క. కుందేలు చెవులు దించుకుంది.

ఆట రోజు రానే వచ్చింది. ఒడ్డు చెట్ల మీద చిలకలు, గట్టు రాళ్ల మీద కోతులు. తీర్పరి కొంగ ఒంటికాలి మీద నిలబడి రెక్క ఎత్తింది. పొట్టేలు ఛాతీ విరుచుకుని బండెక్కింది. ఎదుటి బండ మీద ఎలుగుబంటి అప్పుడే కళ్లు మూసుకుంది. దాని కింద కేకేసేవాడే లేడు. ‘నేను లేకపోయేసరికి మూగవాళ్లైపోయారు పాపం!’ అనుకుంది పొట్టేలు.

“తుమ్మా!”

దుప్పి కాయ కరుచుకుని ఎడమకు ఉరికింది. అక్కడ అప్పటికే దున్నలు గోడ కట్టి ఉన్నాయి! ధబేలుమని తగిలి దుప్పి వెనక్కి పడింది. ఒడ్డు మేక ఒకటి కాయను తలతో కొట్టుకుంటూ ఇసుక చిమ్ముతూ పోయి రాళ్లు దాటించింది. చిలకలు గోల గోల.

“పర్లేదు, పర్లేదు! లేవండి! ఈతా!”

అడవిపంది నడిమి నుంచి దూసుకెళ్లింది. నడిమిన మూడు వరసల దున్నలు. గుద్దుకు గట్టు మీది రాళ్లు అదిరాయి, దున్నలు మాత్రం అదరలేదు.

“జిల్లేడూ!”

కుందేలు కాయ ఉన్నట్టే పొట్ట పట్టుకుని పరిగెత్తింది. ఎంత చక్కగా పరిగెత్తిందో చెప్పలేం. దాని వంక ఒక్కడు కూడా చూడలేదు. అందరూ కలిసి కాయ దాచుకున్న అడవిపంది మీద పడ్డారు.

“నన్నెవడైనా తరమండర్రా!” అని కుందేలు అటు చివర్నుంచి అరిచింది. కోతులు కూడా నవ్వాయి.

కాసేపటికి అడవిపందికి ఒళ్లు మండింది. పొట్టేలు నోరు తెరవకముందే కాయ లాక్కుని అడ్డదిడ్డంగా ఉరికింది. దున్నలు తెల్లబోయి చూస్తుండగానే రాళ్లు దాటేసింది! గట్టంతా ఎగిరి గంతులేసింది. కోతులు ఒకదాని మీద ఒకటి పడి దొర్లాయి.

పొట్టేలు మాత్రం బండ దిగి వచ్చి నిప్పులు కక్కింది. “నేను కేకెయ్యకుండా ఎవడు ఉరకమన్నాడు?”

“కాయ గెలిచాం కదన్నా!”

“ఎవడిష్టం వాడు ఉరికితే నేనెందుకు ఇక్కడ? కేక వినబడే దాకా కాలు కదపొద్దు!”

అడవిపంది తల వంచుకుంది. కేక లేనిదే మళ్లీ కాలు కదపలేదు. పొద్దు వాలుతున్నకొద్దీ ఒడ్డువాళ్లు కాయ మీద కాయ దాటించారు. నక్క తోక కాళ్ల మధ్య పెట్టుకుని బండ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

“అన్నా, మనలో ఎవడో ద్రోహి ఉన్నాడు! మన ఎత్తులు ముందే చెప్పేస్తున్నాడు!”

“నేనూ అదే అనుకుంటున్నా.”

“చెప్పేది నువ్వే మావా!” అంది కుందేలు రొప్పుతూ. “ఏడూళ్లకు వినబడేటట్టు!”

పొట్టేలు నోరు వెళ్లబెట్టింది. ఒక్క క్షణం అంతే. గబగబా అందర్నీ దగ్గరికి పిలిచి గుసగుసలాడింది. “తిరగేద్దాం. ఇక తుమ్మ అంటే కుడి. తెలిసిందా? కుడి!”

అందరూ తలలూపారు. పొట్టేలు బండెక్కి ఊపిరి బిగబట్టింది. “తుమ్మా!”

దున్నలు ఎడమకు పోయాయి. కుడివైపు ఖాళీ! దుప్పి కాయతో కుడికి ఉరికింది. కానీ నెల్లాళ్లు రుద్దించుకున్న అడవిపంది కాళ్లు దాని మాట వినలేదు, ఎడమకే ఉరికాయి. రెండూ నడిదారిలో తలా తలా గుద్దుకున్నాయి. కాయ ఎగిరి దున్న కాళ్ల దగ్గర పడింది. దున్న దాన్ని పరుగైనా లేకుండా నడుచుకుంటూ తీసుకెళ్లి రాళ్లు దాటించింది.

“నువ్వు నోరు మూసుకో!” అని నక్క అరిచింది. పొట్టేలు నోరు మూసుకుంది. గట్టువాళ్లంతా కేక కోసం బండ వైపు చూస్తూ నిలబడిపోయారు. పొద్దు గూకింది. కొంగ రెండు రెక్కలూ ఒడ్డు వైపు చాపింది.

“దిగు!” అంది నక్క.

“ఒక్క ఏడు…”

“దిగమన్నానా!”

పొట్టేలు దిగి ఇసుకలో నిలబడింది. దున్న దగ్గరికొచ్చి తల వంచింది.

“తప్పుగా అనుకోకండి గురువుగారూ. మీ కేక వింటే మా కాళ్లు ఆగవు. మీరు నేర్పిందే కదా.”

“మరి మీ వైపు ఒక్క కేకా లేదేం?”

“బాబాయ్ వద్దన్నాడు. ‘వాడి కేకలు వాడే వేస్తాడు, మనం వింటే చాలు’ అన్నాడు.”

ఎలుగుబంటి బండ దిగి మెల్లిగా వచ్చింది. “మారుస్తావేమోనని నెల్లాళ్లూ భయపడి చచ్చానురా. ఒక్క పేరు మార్చినా మా పని అయిపోయేది.”

“అవి నా పేర్లు బాబాయ్,” అంది పొట్టేలు. ఒడ్డు బండ వంక చూసి, “మీ దగ్గర… కింద చోటుందా?” అని అడిగింది.

“నువ్వెళ్లిన రోజునే దున్నకిచ్చేశా.”

ఇంతలో నక్క ఇకిలిస్తూ నడుమ దూరింది. “ఎలుగు బాబాయ్! మా బండ ఖాళీగా ఉంది. మీలాంటి బుర్ర ఉన్న పెద్దమనిషి…”

ఎలుగుబంటి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగకముందే అడవిపంది వెనక నుంచి వచ్చి నక్క మెడ పట్టుకుంది.

“బండకు మనిషిని వెతకక్కర్లేదు. వచ్చే ఏడు నువ్వే ఎక్కు.”

“నేనా? నాకు ఆట రాదు కదా!”

“ఇంతమందిని దించావుగా, దిగడం ఎట్లాగో నీకు తెలిసే ఉంటుంది.”

గట్టువాళ్లంతా నక్కను ఎత్తుకెళ్లి, రోజంతా ఎండలో కాగిన బండ మీద కూలేశారు. నక్క పెట్టిన కూతకు చెట్ల మీది చిలకలన్నీ లేచిపోయాయి.

పక్కింటి గురువును ఎత్తుకొచ్చుకునేవాడు, ఆ గురువు చెప్పిన చదువు పక్కింట్లోనే ఉండిపోయిందని తెలుసుకోవాలి.

ఆ వేసవంతా గట్టువాళ్లు బురద నీళ్లే తాగారు. వానలు పడకముందే అడవిపంది కూనల్లో చిన్నది చచ్చిపోయింది.